బీచికి నడిచిందెవరు?

మా ఊరు ఇందుకూరుపేట నుంచి మైపాడు పోయే దారిలో ఉంది. మా ఆయనకు రొయ్యల గుంటలు. పాప బడికి పోవడం మొదలుపెట్టాక పగలంతా ఇంట్లో తోచక, బ్యాంకు పరీక్షలు రాద్దామని నెల్లూరులో కోచింగ్‌లో చేరాను. పొద్దున్నే ఆయన గుంటల దగ్గరికి, నేను బస్సుకి.

ఇందుకూరుపేటలో ఒకమ్మాయి ఎక్కేది. వాళ్లు ముస్లింలు, వాళ్ల నాన్న అక్కడే టైలరు. నాకంటే చిన్నది, అక్కా అని పిలిచేది. ఇద్దరిదీ ఒకటే బ్యాచి కాబట్టి సీటు ఆపుకోవడం, ఒకరినొకరు బిట్లు అడగడం అన్నీ కలిసే.

ఇంగ్లీషులో వాక్యాలు సరిదిద్దే ప్రశ్నలంటే నాకు ఇష్టం. బియ్యంలో రాయి ఏరినట్టు ఉండేది. లెక్కలంటే వణికేదాన్ని గానీ, ఆ ప్రశ్నల్లో మాత్రం ముందు నేనే చెయ్యెత్తేదాన్ని. ఒకరోజు సారు బోర్డు మీద ఒక వాక్యం రాశాడు. ‘వాకింగ్ టు ద బీచ్, ద రెయిన్ స్టార్టెడ్.’ తప్పుందా లేదా అని అడిగాడు.

“తప్పు లేదు సార్” అన్నాను.

“అర్థం చెప్పమ్మా.”

“బీచికి నడిచిపోతా ఉంటే వాన మొదలైంది.”

“నడిచిందెవరు?”

“మనమే సార్.”

“మనం యాడుండాం ఇందులో?”

బోర్డంతా వెతికాను. మేం లేము. వాన ఒక్కటే ఉంది.

“ఇంగ్లీషులో ఇట్లా ముందు ‘వాకింగ్’ అని పెట్టి కామా కొడితే, కామా తర్వాత ఎవరి పేరు వస్తుందో నడిచింది వాళ్లే. నువ్వు కరెక్టన్న వాక్యంలో వాన తీరిగ్గా బీచికి నడిచిపోతా ఉంది” అన్నాడు సారు. క్లాసంతా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

రూలు అర్థమైంది. అర్థం కానిది ఇంకోటి. ఆ వాక్యం చదివినప్పుడు వాన నడుస్తున్నట్టు నాకెందుకు అనిపించలేదు? సాయంత్రం బస్సులో ఆ అమ్మాయిని అడిగాను.

“నాకూ కరెక్టే అనిపించిందక్కా. నీ చెయ్యి ముందు లేచింది, అంతే” అంది.

ఇంటికొచ్చేసరికి మా అత్త వాకిట్లో చీపురు పట్టుకుని కోపంగా ఉంది. “నేను గేటు తీస్తా ఉంటే కుక్క లోపలికి దూరింది. అరుగంతా మట్టి చేసింది చూడు” అంది.

చెప్పులు విడుస్తున్నదాన్ని ఆగిపోయాను. గేటు తీసింది అత్త, దూరింది కుక్క. ఒకే వాక్యం, ఇద్దరు మనుషులు. కాదు, ఒక మనిషీ ఒక కుక్కా. ఎక్కడా తికమక లేదు.

“అత్తా, ‘గేటు తీస్తా కుక్క లోపలికి దూరింది’ అంటే ఎట్టుంటాది?”

అత్త నా మొహం చూసింది. “కుక్క గేటెట్ల తీస్తాదే? నీకేమన్నా జొరమొచ్చిందా?”

నాకప్పుడు తెలిసింది. ఆ ‘ఉంటే’ తీసేస్తే మన మాటలోనూ కుక్కే గేటు తీస్తుంది. అంటే రూలు ఇంగ్లీషువాళ్లది మాత్రమే కాదు. పుట్టినప్పటి నుంచి నేనూ పాటిస్తున్నాను, నాకు తెలియకుండానే. సారు రాసిన వాక్యంలో లేని ‘ఉంటే’ని నేనే మనసులో కలుపుకుని చదివాను. అందుకే వాన నడవలేదు.

ఆ సంతోషంలో అత్తకు కూడా చెప్పాలని చూశాను. ఆమె చీపురు కింద పెట్టి మొత్తం విన్నది. “అయితే ఆ ఇంగ్లీషోళ్లకి ‘ఉంటే’ లేదా?” అని అడిగింది.

“ఉందత్తా. ‘వైల్’ అని పెట్టి, ఎవరు నడుస్తున్నారో కూడా చెప్పాల. ‘వైల్ వి వర్ వాకింగ్’ అనాల.”

“ఉన్నప్పుడు పెట్టుకోవచ్చు గదా. పెట్టకపోవడమెందుకు, మళ్లీ తప్పనడమెందుకు?”

అని మళ్లీ చీపురు అందుకుంది.

మర్నాడు బస్సులో ఇదంతా చెబితే ఆ అమ్మాయి కిటికీలోంచి రోడ్డు చూస్తూ వింది. మొన్నటి వానకు రోడ్డు గుంతలు పడి బస్సు ఊగుతోంది. ఉన్నట్టుండి నా వైపు తిరిగింది.

“అక్కా, ‘వాన పడి రోడ్డు పాడైంది.’ పడింది వాన. పాడైంది రోడ్డు. ఇందులో ‘ఉంటే’ లేదే? అయినా తప్పు కాదే?”

నేను కనిపెట్టింది అంతటితో కూలిపోయింది. నెల్లూరు చేరేదాకా ఇద్దరం అట్లాంటివే వెతికాం. కరెంటు పోయి మోటరు ఆగింది. ఎండ తగిలి పాప వాడిపోయింది. అన్నీ సరిగానే ఉన్నాయి. ముందు సీట్లో కూర్చున్న పెద్దాయన మమ్మల్ని వెనక్కి తిరిగి తిరిగి చూశాడు.

క్లాసయ్యాక సార్ని అడిగాం. ఆయన సుద్దముక్క వేళ్ల మధ్య తిప్పుతూ, “రేపు చెప్తానమ్మా” అన్నాడు. తప్పించుకుంటున్నాడేమో అనుకున్నాం. మర్నాడు క్లాసు మొదలు కాకముందే మమ్మల్ని పిలిచాడు.

“మీ వాక్యంలో ‘పడి’ ఒంటరిగా లేదు. దాని ముందే ‘వాన’ ఉంది. పడింది ఎవరో అక్కడే తెలిసిపోయింది కాబట్టి అది ఇంకెవర్నీ వెతుక్కోదు. ఇంగ్లీషులోనూ ఉంది. ‘ద రెయిన్ హేవింగ్ స్టాప్డ్, వి లెఫ్ట్ హోమ్.’ ఆగింది వాన, బయల్దేరింది మనం. కరెక్టే. తన మనిషిని పక్కన పెట్టుకోకుండా వచ్చిన మాటే, కామా దాటినాక మొదట కనబడినోళ్లని పట్టుకుంటుంది.”

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన మొహంలో ఉన్న వెలుగు చూస్తే, ఆయనా రాత్రంతా దీని గురించే ఆలోచించినట్టుంది. బ్యాంకు పరీక్షలో ఇంత లోతు అడగరని కూడా ఆయనే చెప్పాడు. అయినా మాకు ఆ రోజంతా కడుపు నిండినట్టుంది.

పరీక్షలో అట్లాంటి ప్రశ్న వచ్చింది. ఎవరో ఆఫీసులోకి అడుగుపెట్టగా ఫైళ్లు మాయమైనట్టు చెప్పే వాక్యం. అందులో ఫైళ్లే ఆఫీసులోకి నడిచొచ్చాయి. పట్టుకున్నాను. ఇంగ్లీషంతా బాగానే రాశాను. లెక్కల దగ్గర చేతులెత్తేశాను. ఆ అమ్మాయి మెయిన్స్‌కి పోయింది, నేను పోలేదు. ఫలితాలు వచ్చిన రోజు ఫోన్ చేసి, తన సంగతి చెప్పకుండా ముందు నన్ను అడిగింది. నా గొంతు విని, “లెక్కలు నేను చెప్తాలే అక్కా” అంది. మొదట బాధేసింది. రెండు రోజులకు సర్దుకుని మళ్లీ ఫీజు కట్టాను.

మొన్నొక రోజు గుంటల దగ్గర మా ఆయన రొయ్యలకు తెచ్చిన మందు డబ్బా మీది కాగితం నా చేతికిచ్చి చదివి చెప్పమన్నాడు. మొదటి లైనే ‘మిక్స్డ్ విత్ వాటర్, ద ఫార్మర్ షుడ్ స్ప్రెడ్ ద మెడిసిన్.’ నాకు నవ్వాగలేదు.

“ఏందట్ట నవ్వతా ఉండావు?”

“దీంట్లో నీళ్లలో కలపాల్సింది మందుని కాదు, రైతుని.”

ఆయన తన లుంగీ వైపు ఒకసారి, గుంట వైపు ఒకసారి చూసుకున్నాడు. “అదంతా తర్వాత చెబుదువు గానీ, మందు నీళ్లలో కలపాల్నా వద్దా?”

“కలపాల.”

బకెట్ తీసుకుని నీళ్లకు పోయాడు. నేను కాగితం తిప్పి రెండో వైపు చదవడం మొదలుపెట్టాను.