అండి లేని మాట

నిన్న పొద్దున్న కాఫీ తాగుతుంటే మా బాబాయిగారు ఫోన్ చేశారు. పార్టీ మారారట, ఈసారి టికెట్ ఖాయమట. "పేటలో నీ మాట వింటారమ్మా, ఓసారి నాతో రా," అన్నారు. ఒళ్లు మండిపోయింది. అంత మంటలోనూ నోట్లోంచి "అలాగేనండి" అని వచ్చేసింది. మా గోదావరి నోరే అంత, దొంగ ఇంట్లో పడ్డా "ఎవరండీ" అంటాం.

ఆయన మొదటిసారి నిలబడ్డప్పుడు నేనూ ఇంటింటికీ తిరిగాను. గెలిస్తే మురుగుకాలువ తవ్విస్తారని చెప్పాను. మా చేను కౌలుకి చేసే ఆవిడ నా మొహం చూసి పేటంతటి చేతా ఓట్లు వేయించింది. ఆదివారం చర్చి మానని మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద, అయినా నన్ను "టీచరుగారండీ" అనే పిలిచేది. ఆయన ఎమ్మెల్యే అయ్యారు. పూడిక తీసినట్టు బిల్లులూ అయ్యాయి. కాలువలో గుర్రపుడెక్క మాత్రం ఎక్కడిదక్కడే ఉంది.

ఆ కార్తీకంలో ముసురు పట్టింది. నీళ్లు లాగే దారి లేక, కోతకొచ్చిన చేను నాలుగు రోజులు మునిగి కంకుల మీదే మొలకలొచ్చాయి. బాబాయిగారు పరామర్శకొచ్చి, గట్టు మీద నిలబడి చేతులు జోడించారు. గేదె ఎదురొచ్చినా దణ్ణం పెట్టే అలవాటు ఆయనది. ఆవిడ బురదలోంచి పైకొచ్చి, మొలకెత్తిన కంకి ఆయన చేతిలో పెట్టి, "కాలవ తవ్వావా, లేదా?" అంది.

అందరూ ఉలిక్కిపడ్డారు. కాలువ తవ్వనందుకు కాదు, "పెద్దాయన్ని పట్టుకుని 'నువ్వు' అంటుందేంటండి" అని. సిగ్గులేకుండా నేనూ "మర్యాదగా మాట్లాడు" అని ఆవిడనే కసిరాను. ఆవిడ నా వంక చూసి, "తప్పేనండి టీచరుగారండీ," అని ఊరుకుంది. ఆ ఏడే కౌలు వదిలేసి కూలికి పోయింది, ఇప్పటికీ కూలే. తర్వాత ఆ బిల్లుల సంగతి పేపర్లో వచ్చింది, విచారణ వేశారు, ఆయనకి టికెట్ పోయింది. ఊళ్లో మాత్రం "ఎమ్మెల్యేగారు కాలవ తినేశారటండి" అని గౌరవంగానే చెప్పుకున్నాం. తలుచుకుంటే ఆయన మీదకంటే నా మీదే ఎక్కువ కోపం వస్తుంది.

ఆ ఫోన్ అయ్యాక కాఫీ గ్లాసు పక్కన పెట్టాను. మళ్లీ నేనే చేశాను.

"చెప్పమ్మా," అన్నారు.

"బాబాయ్, అప్పుడు కాలవ తవ్వావా, లేదా?"

"మాట్లాడేది నువ్వేనా?" అన్నారు. నేనేనన్నాను.

ఆ మాట అడగడానికి ఆవిడకి నాలుగు రోజుల ముంపు చాలింది. ఊరందరి పిల్లలకీ పాఠాలు చెప్పిన నాకు ఏడేళ్లు పట్టింది.