ఉప్పు చల్లిన పట్టుచీర

పందొమ్మిది వందల అరవై ఎనిమిది ప్రాంతంలో, కళింగపట్నంలో మా ఆడపడుచు నిశ్చితార్థం. మా అత్త జీవితమంతా చేపలు ఎండబెట్టి బతికిన మనిషి. అప్పటికి రెండేళ్లుగా మతి నిలవక, కోడలినైన నన్నే "ఎవులివే నువ్వు?" అని అడిగేది.

ఆ రోజు మగపెళ్లివారు తెచ్చిన పట్టుచీర పళ్లెంలోంచి మాయమైంది. వెతుకుతూ వెళ్తే, అత్త దాన్ని పెరటి ఇసుకలో పరిచి గుప్పిళ్లతో ఉప్పు చల్లుతోంది! ఒళ్లు మండి లాక్కోబోయాను.

"సెయ్యెట్టకే, సరుకు పాడైపోతాది!" అంటూ కాకుల్ని తోలే కర్ర నా మీదికి ఎత్తింది. వెనక్కి తిరిగితే మగపెళ్లివారంతా చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోయాను. సంబంధం పోయినట్టే అనుకున్నాను.

పెళ్లికొడుకు తల్లి మాత్రం అత్త పక్కనే ఇసుకలో కూర్చుంది. ఆవిడా చేపలు ఎండబెట్టే మనిషే. "వదినా, మబ్బు పట్టేసినాది. వానొచ్చేస్తాది, ఎత్తీద్దాం" అంది మెల్లగా.

అత్త ఆకాశం వైపు చూడనైనా లేదు. గబగబా చీర దులిపి, మడిచి, ఆవిడ చేతుల్లో పెట్టి, "తడవనీకు" అంది.

రెండేళ్లుగా పిచ్చిదని నేను కసురుకున్న మనిషి తన పనిలో తానుందని, ఆ పూటే గడప తొక్కిన ఆవిడకు తెలిసింది.

ఆ తర్వాత అత్త ఏం పరిచినా నేను లాక్కోలేదు. మండుటెండలో కూడా మబ్బు పట్టిందనేదాన్ని.