గోటికి అడ్డొచ్చిన తొడుగు

నిద్ర లేవగానే ఐసక్క తన వేళ్లను తానే తెరుచుకుంటుంది. బిగుసుకుపోయిన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, చిటికెనవేలితో మొదలుపెట్టి ఒక్కొక్కటే సాగదీస్తుంది. రొయ్యలు ఒలిచే షెడ్డులో ఏళ్ల తరబడి ఐసునీళ్లలో నానిన చేతులవి. ఆ పేరూ అక్కడిదే.

ఆడవాళ్లంతా షెడ్డు వెనక రేకుల గదుల్లోనే ఉంటారు. గేటుకు బయటినుంచి తాళం. చేరిన రోజునే అందరి గుర్తింపు కార్డులూ తీసుకుని మేస్త్రీ తన బీరువాలో పెట్టేశాడు. కూతురికి నెలలు నిండాయని కబురొచ్చినప్పటినుంచి ఐసక్క అతని వెంటపడి సెలవు అడుగుతూనే ఉంది. "సరుకు తగ్గనీ" అన్న మాట తప్ప అతని నోట మరో మాట రాలేదు.

ఒకరోజు తనే పిలిచాడు.

"రేపు తనిఖీకి వస్తున్నారు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి ముందే చెబుతున్నా. ఏమడిగినా అంతా బాగుందను. ఎల్లుండి పొద్దున్నే కార్డు చేతికిచ్చి నేనే బస్సెక్కిస్తా."

ఐసక్క నెత్తిన పాలు పోసినట్టయింది.

మర్నాడు అందరికీ కొత్త రబ్బరు తొడుగులు పంచారు. వేసుకున్నారు గానీ పని సాగలేదు. రొయ్య వీపు చీల్చి నల్లటి నరం లాగాలంటే బొటనవేలి గోరే కత్తి. రబ్బరు మీద రొయ్య జారిపోతోంది. తట్ట నిండకపోతే తిట్లు తప్పవు. ఐసక్క ఆలోచించలేదు. తొడుగు బొటనవేలి కొనను పంటితో కొరికి ఉమ్మేసి, గోరు బయటపెట్టి పనిలో పడింది.

"ముసుగేసి ముక్కు బయటపెట్టావేంటక్కా?" అని పక్కనున్న అమ్మాయి నవ్వి, తనూ కొరికింది. చూస్తుండగానే బల్ల పొడవునా బొటనవేళ్లన్నీ బయటికొచ్చాయి.

తనిఖీకి వచ్చిన మేడమ్ ఐసక్క దగ్గర ఆగింది.

"ఇవి రోజూ వేసుకుంటారా అమ్మా?"

"రోజూనే మేడమ్."

"మరి అందరివీ ఒకేచోట చిరిగాయేం?"

ఐసక్క బొటనవేలిని పిడికిట్లో దాచుకుంది. వెనకాల మేస్త్రీ దగ్గాడు.

మేడమ్ గొంతు తగ్గించింది. "నీ కార్డు నీ దగ్గరే ఉందా?"

నిజం నాలిక చివరిదాకా వచ్చింది. నొప్పులు పడుతూ దారి చూసే కూతురు కళ్లముందు మెదిలింది.

"గదిలో ఉంది మేడమ్. పెట్టెలో."

మేడమ్ ఆమెను ఓ క్షణం చూసి ముందుకు కదిలింది. తొడుగులు నాసిరకంగా ఉన్నాయి, మంచివి కొనండని మేస్త్రీకి చెప్పి వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే ఐసక్క సంచి సర్దుకుని మేస్త్రీ గది ముందు నిలబడింది.

"ఎక్కడికి?"

"కార్డు ఇస్తానన్నారుగా అయ్యా. నేనేమీ చెప్పలేదు."

"నోరు చెప్పకపోతేనేం, నీ వేలు చెప్పింది. ముందు కొరికింది నువ్వే. నా పరువు తీసి, పైగా బస్సు కావాలా? పో, సరుకు దిగింది."

కూతురు ఆస్పత్రిలో ఒంటరిగానే కన్నది. ఆడపిల్ల. ఐసక్క ఇప్పటికీ ఆ షెడ్డులోనే రొయ్యలు ఒలుస్తోంది. మనవరాలికి మాటలొచ్చాయి. అమ్మమ్మను ఇంకా చూడలేదు.