నీలం పెన్సిల్ బొమ్మలు

జెరాక్స్ మిషన్‌కి లేత నీలం కనపడదు. ఈ సంగతి నాకు చెప్పింది అన్న. తోడబుట్టినవాడు కాదు. సనత్‌నగర్ మనిషి, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుల బోర్డులు రాసేవాడు. నేను గుంటూరు నుంచి వచ్చి, హాస్టల్లో ఉంటూ ఆ బోర్డుల కింద నోట్సు పట్టుకుని తిరిగే వందల మందిలో ఒకదాన్ని. ఓ రోజు నిచ్చెన మీదున్న ఆయన్ని పిలిచి, "ఏమండీ, అక్షరం వంకరపోయింది" అన్నాను. అంత పొగరు నాకు! ఆయన దిగొచ్చి, దూరం నుంచి చూసి, "నిజమే చెల్లె, జర వంకర పోయింది" అన్నాడు. అలా కలిశాం.

ఇద్దరం కలిసి చిన్న చిన్న బొమ్మల పుస్తకాలు వేసేవాళ్ళం. పదహారు పేజీలు, మధ్యలో రెండు పిన్నులు. పంజాగుట్ట బస్టాపులో కొబ్బరిబోండాల ముసలమ్మ, హాస్టల్ మెట్ల మీద ఏడుస్తూ ఫోన్ మాట్లాడే పిల్ల, ఇవే మా కథలు. ఆయన ముందు లేత నీలం పెన్సిల్‌తో గీసుకుని, దాని మీద నల్ల ఇంకుతో దిద్దేవాడు. నీలం చెరపక్కర్లేదు, మిషన్ దాన్ని పట్టదు, నల్లగీత ఒక్కటే పడుతుంది. మాటలు నేను రాసేదాన్ని. కోర్సు నోట్సులు కొట్టే జెరాక్స్ భాయ్ దగ్గరే కాపీలు తీయించి టీకొట్లలో వదిలేసేవాళ్ళం. ఎవరైనా తిరగేస్తారేమోనని రోడ్డుకి అవతల నిలబడి చూసేవాళ్ళం. ఎవరైనా నవ్వితే ఎంత సంబరమో!

తర్వాత ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాయించేవాళ్ళు లేకుండా పోయారు. నాకు ఉద్యోగమొచ్చి శ్రీనగర్ కాలనీకి మారాను. అన్నకి షుగరు ముదిరి కిడ్నీలు పోయాయి, చూపు మసకేసింది. పంజాగుట్టలో ఆసుపత్రిలో ఉంటే రెండుసార్లు వెళ్ళాను. రెండే రెండుసార్లు.

ఓ రోజు ఫోన్ చేశాడు. "ఆఖరి బుక్కు గీసిన చెల్లె. ఈసారి మాటలొద్దు, ఉత్త బొమ్మలే. మీ వదినతోని పంపుతున్న, మిగతా పని నీదే. కండ్లు పూర్తిగ పోకముందే ఒక్కసారి చేతుల పట్టుకొని చూడాలె."

మిగతా పనంటే జెరాక్సే అనుకున్నాను. వదిన తెచ్చిచ్చిన కవరు, ఆఫీసు క్యాబ్ ఎక్కే తొందరలో విప్పనైనా విప్పకుండా భాయ్ చేతిలో పెట్టి పోయాను. మధ్యాహ్నం భాయ్ ఫోన్ చేశాడు. "మేడం, అట్ట ఒక్కటే పడ్తుంది. లోపలంత తెల్లగ వస్తుంది." మీటింగులో ఉన్నాను. "ఏంటి భాయ్, ఉన్నది ఉన్నట్టు కొట్టెయ్, వదినొస్తే ఇచ్చెయ్" అని కసురుకున్నాను. ఆ మిషన్ సంగతి అంతా తెలిసినదాన్ని! నా బుద్ధి ఏ గడ్డి తిన్నదో.

నాలుగో రోజు అన్న పోయాడు.

సమాధుల తోట నుంచి వస్తూ దారిలో భాయ్ దగ్గర ఒరిజినల్స్ తీసుకున్నాను. అట్ట మీద నల్ల ఇంకు, చెయ్యి బాగున్నప్పుడు గీసినట్టున్నాడు. లోపల అన్నీ నీలం గీతలే, వణుకుతూ. నిచ్చెన మీద ఒకడు, కింద నడుం మీద చెయ్యేసుకుని ఒక పొగరుబోతు పిల్ల. మా కథే. చివర్లో ఒక చీటీ. "సూది గుచ్చిన చెయ్యి, ఇంకు నిలుస్తలేదు. నల్లగీత నువ్వే దిద్దు చెల్లె."

అట్నుంచి అటే వాళ్ళింటికి వెళ్ళి వదిన కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాను. తప్పు చేశాను, క్షమించమన్నాను. ఆవిడ నన్ను లేపి కూర్చోబెట్టి, జరిగింది చెప్పింది.

పుస్తకం అందగానే అన్న కళ్ళకి ఆనించుకుని ఒక్కో పేజీ తిప్పాడట. "ఏం కనబడ్తలేదు. కండ్లు మొత్తం పోయినట్టున్నయే. నువ్వు చెప్పు" అన్నాడట. వదిన చూస్తే అన్నీ తెల్ల కాగితాలు. ఆయన గీస్తున్నన్నాళ్ళూ పక్కనే కూర్చుంది కాబట్టి, ఆ తెల్ల పేజీలు తిప్పుతూ బొమ్మలన్నీ నోటితో చెప్పిందట. నిచ్చెన, బోర్డు, కింద నిలబడ్డ నేను.

"నల్లగీత మంచిగ పడ్డదా?" అని అడిగాడట.

"మస్తు పడ్డది. నీకన్న సాఫ్‌గ గీసింది నీ చెల్లె" అందట వదిన.

"నాకు ఎర్కే" అని నవ్వాడట. "వంకర కనబడితె ఊకోదు అది."