రెండు మాటల మామయ్య

మా మామయ్య బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఆయన ఉద్యోగాన్ని వదిలారు గానీ ఉద్యోగం ఆయన్ని వదల్లేదు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు స్వాధీనం తప్పాయి. మాటలన్నీ పోగా రెండే మిగిలాయి: బస్సు కదలడానికి ‘రైట్’, ఆగడానికి ‘హోల్డాన్’. నా పేరు పోయింది, కన్నకొడుకు పేరు పోయింది, కట్టుకున్న భార్య పేరూ పోయింది. మొదట్లో అందరం కుళ్లి కుళ్లి ఏడ్చాం. ఎన్నాళ్లని ఏడుస్తాం?

ఆయనేమో ఆ రెండు మాటలతోనే ఇంటి పెత్తనం చేసేవారు. టీలో పంచదార సరిపోతే రైట్. నేను టీవీ ఛానెల్ మారిస్తే హోల్డాన్, వీధి చివరిదాకా వినిపించేలా. మా ఆయన హితబోధ మొదలుపెడితే “రైట్ రైట్” అనేవారు, ఇక దయచేయమని. మాటలు నేర్పడానికి వచ్చే థెరపీ అమ్మాయి అరటిపండు బొమ్మ చూపించి “ఇదేంటి తాతగారూ?” అని నెలల తరబడి అడిగింది. ఈయన బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసి, రైట్ అని వెనక్కిచ్చేవారు. ఆ పిల్ల ఓపికకు దండం పెట్టాలి.

ఇలా ఏదో నెట్టుకొస్తుండగా అత్తయ్యకు కడుపునొప్పి మొదలైంది. గాల్ బ్లాడర్‌లో రాళ్లు, ఆపరేషన్ తప్పదన్నారు. అత్తయ్యది ఒకటే పట్టు.

“ఆయన రైట్ అనకుండా నేను ఆ బల్లెక్కను.”

“నాన్నని ఇంట్లో మేం చూసుకుంటాం కదమ్మా, నువ్వెళ్లి చేయించుకుని రా” అని మా ఆయన అనడం, మూల కుర్చీలోంచి “హోల్డాన్!” అని కేక పడడం. ఎప్పుడు మాటెత్తినా ఇదే వరస. “చూశావా, ఆయనకి ఇష్టం లేదు” అంటూ అత్తయ్య ఆపరేషన్ వాయిదా వేయించేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. భార్య నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఈయనకు తన సేవలే ముఖ్యమా అని గిన్నెల మీద కోపం చూపించేదాన్ని.

ఒక ఉదయం నొప్పి మరీ ఎక్కువైంది. మా ఆయన ఎవరినీ అడగకుండా టాక్సీ పిలిచారు. అత్తయ్య ఏడుస్తూ వెనక సీట్లో కూలబడ్డారు. మామయ్యను చూసుకోవడానికి నేను ఉండిపోవాలి. అనుకున్నంతా అయింది, ఇంట్లోంచి హోల్డాన్!

“ఇక ఆగేది లేదు నాన్నా!” అని అరిచి, మా ఆయన డ్రైవరు వైపు తిరిగారు. “నువ్వు పోనీవయ్యా.”

“హోల్డాన్! హోల్డాన్!”

ఈసారి నాలుగు దులిపేద్దామనే వెనక్కి తిరిగాను. మామయ్య ఎడం చేత్తో గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒంటి మీద బయటికెళ్లే చొక్కా, ఒక్క గుండీ కూడా దాని కాజాలో లేదు. ఒక చెప్పు కాలికి ఉంది. రెండోది చంకలో ఉంది. అప్పుడు తట్టింది నా మట్టిబుర్రకు. ఎక్కాల్సినవాళ్లు ఇంకా ఉంటేనే కదా కండక్టరు బస్సు ఆపించేది!

“ఏమండీ, ఆపండి! మామయ్య వద్దనడం లేదు, తనూ వస్తానంటున్నారు!”

చెరోపక్కా పట్టుకుని ఎక్కించాం. “ఈపాటి దానికా ఇన్నాళ్లూ అలా అరిచారు?” అని అత్తయ్య ఏడుస్తూనే నవ్వారు. నేనూ ఎక్కి తలుపేశాను. మామయ్య దారి పొడవునా నోరెత్తలేదు.

ఆపరేషన్ థియేటర్ ముందు స్ట్రెచర్ లోపలికి నెడుతుంటే మాత్రం “హోల్డాన్” అన్నారు. నెట్టేవాళ్లు ఉలిక్కిపడి ఆగారు. ఆయన వంగి, అత్తయ్య నుదుటి మీద పడిన జుట్టును ఎడం చేత్తో ఆసుపత్రివాళ్లు తొడిగిన టోపీలోకి తోశారు.

“వెళ్లొస్తానండీ?” అని అడిగారు అత్తయ్య.

మామయ్య అలవాటుగా అటూ ఇటూ చూశారు. స్ట్రెచర్ కమ్మీ మీద రెండుసార్లు తట్టారు.

“రైట్. రైట్.”

తలుపులు మూసుకున్నాక ఆయన్ని కుర్చీలో కూర్చోబెడుతూ చూశాను. రెండో చెప్పు ఇంకా చంకలోనే ఉంది.