పద్నాలుగు కుట్ల నవారు

ఆయుధ పూజనాడు మా ముందుగదిలో పదకొండు వస్తువులు పెట్టాము. రంపం మిషన్లు రెండు, పెద్దదొకటి, చిన్నదొకటి. చెట్టెక్కేటప్పుడు నడుముకూ తొడలకూ బిగించుకునే బెల్టులు రెండు. తాళ్లు మూడు. అందులో ఒకటి నలభై అయిదు మీటర్లు, మిగతా రెండు ముప్ఫయి మీటర్లు. ముఖానికి జాలీ దిగే హెల్మెట్లు రెండు. మందం పాంట్లు రెండు. ఆ పాంట్ల లోపల దారాల పొరలు ఉంటాయి. రంపం గొలుసు తొడకు తగిలితే ఆ దారాలు గొలుసుకు చుట్టుకొని మిషను ఆగిపోతుంది. ఇవి కాక ఒక గొడ్డలి, రెండు కొడవళ్లు ఉన్నాయి. వాటిని నేను లెక్కలో చేర్చను, ఎవరింట్లో అయినా ఉండేవే.

నా కొడుకుది చెట్లు కత్తిరించే పని. వాడికి నలభై రెండేళ్లు. గని మూతపడిన తర్వాత మా వరస ఇళ్లలో సగం ఖాళీ అయ్యాయి. ఖాళీ ఇళ్ల చెట్లు పక్కింటి పెంకుల మీదికీ కరెంటు తీగల మీదికీ వాలాయి. వాటిని కొట్టడంతో మొదలుపెట్టాడు. తర్వాత శ్రీనివాసపురం మామిడి తోటలకు పిలిచారు. కాయ దిగిపోయాక ముసలి చెట్ల తలలు నరికి, గాలి, వెలుతురు ఆడేటట్టు చేస్తే మళ్లీ పూత పడుతుంది. ఆలస్యమైతే ఆ ఏడు పూత రాదు. రెండో జత సామాను పెద్ద పనికి ఇంకొకరిని పిలిచినప్పటి కోసం.

మా ఆయన గనిలో పనిచేసినా లోపలికి దిగేవాడు కాదు. గనిలోకి దిగే బావి మొగదల గదిలో కూర్చొని లోపలికి దిగే ప్రతి మనిషికీ ఒక ఇత్తడి బిళ్ల ఇచ్చేవాడు. పైకొచ్చిన మనిషి బిళ్ల తిరిగి ఇస్తే దాన్ని మేకుకు తగిలించేవాడు. ఒక్క మేకు ఖాళీగా ఉన్నా ఇంటికి వచ్చేవాడు కాదు. ఆయన పోయాక నేను రేకు ముక్కలతో పదకొండు బిళ్లలు చేయించాను. తలుపు పక్కన పదకొండు మేకులు కొట్టించాను. ఏ వస్తువు పనికి వెళితే దాని బిళ్ల తీసి డబ్బాలో వేస్తాను. తిరిగి వస్తే తగిలిస్తాను.

"మా నాయన మనుషుల్ని లెక్కబెట్టినాడు, నువ్వు పాంట్లు లెక్కబెట్తా ఉండావు," అనేవాడు నా కొడుకు.

"పాంటు తిరిగొస్తే మనిషి వచ్చినట్టే కదప్పా," అనేదాన్ని.

మామూలు రోజుల్లో ఈ సామాను ఒకచోట ఉంచము. మిషన్లు వంటింట్లో గొలుసు వేసి, బెల్టులూ పాంట్లూ నా ట్రంకు పెట్టెలో, తాళ్లు అటక మీద. మూడు చోట్ల. ఈ పనివాళ్ల ఇళ్లలో దొంగతనాలు జరుగుతున్నాయని అందరికీ తెలుసు. ఆయుధ పూజకు మాత్రం అన్నీ కడిగి, తుడిచి, ముందుగదిలో తెల్లగుడ్డ పరిచి దాని మీద పెడతాము. కుంకుమ పెట్టి, పూలు వేసి, గుమ్మడికాయ కొడతాము. మర్నాడు మళ్లీ హారతి ఇచ్చేదాకా దేన్నీ ఎత్తకూడదు. చూడవచ్చినవాళ్లకు బొరుగులు పెడతాము. ఆ రోజు తలుపు వేయము. పూజలో ఉన్న పనిముట్లకు తాళం వేస్తే పనికి తాళం పడుతుందని మా అత్త అనేది. ఇరవై ఒక్క ఏళ్లుగా వేయలేదు.

ఆటో స్టాండువాళ్లు కూడా పూజ చేసుకుంటూ మమ్మల్ని పిలిచారు. ఒంటిగంటకు వెళ్లాము. తలుపు దగ్గరగా లాగాను, అంతే. రెండూ ఇరవైకి తిరిగి వచ్చాము. గుడ్డ మీద పూలు ఉన్నాయి. నిమ్మకాయలు ఉన్నాయి. పెద్ద మిషను పెట్టినచోట నూనె మరక గుండ్రంగా ఉంది. గొడ్డలీ కొడవళ్లూ అలాగే ఉన్నాయి. గోడ మీద పదకొండు బిళ్లలూ తగిలించి ఉన్నాయి. బిళ్లల ప్రకారం అన్నీ ఇంట్లోనే ఉన్నాయి.

నా కొడుకు గుమ్మంలోనే నిలబడ్డాడు. నేను గుడ్డ మడిచాను. బొరుగులు మిగిలితే డబ్బాలో పోశాను.

స్టేషన్‌లో నేను పోయిన పదకొండింటి జాబితా చదివాను. రాసుకునే పోలీసు పాంట్ల దగ్గర ఆగాడు.

"చెట్టెక్కేదానికి పాంటు ఎందుకమ్మా? మా ఊళ్లో లుంగీ కట్టుకొని ఎక్కుతారు."

"మీ ఊళ్లో రంపం మిషనుతో ఎక్కుతారా అప్పా?"

"అట్లనే రాసుకుంటా ఉండా లే. మందం పాంట్లు, రెండు. గుర్తులేమన్నా ఉండాయా?"

బెల్టుల్లో ఒకదానికి గుర్తు ఉంది. నీలం రంగు బెల్టు. చేతిరంపం తగిలించుకోవడానికి దానికి ఉన్న కొక్కెం విరిగిపోతే, నేను పాత మంచం నవారు ముక్క తీసి ఎడమ పక్కన ఒక ఉంగరంలా కుట్టాను. ఎర్రదారంతో, పద్నాలుగు కుట్లు. కిలో బరువుండే చేతిరంపానికి అది చాలు. మనిషి బరువుకు ఆ పక్కనే కొంచెం వెనక్కి అసలైన ఇనుప రింగు ఉంది. నా కొడుక్కి ఆ తేడా తెలుసు. మా ఇంటి బెల్టు మావాళ్లే కట్టుకుంటారు కదా అని ఉంగరానికి బరువు వేయొద్దని ఎక్కడా రాయలేదు. జాబితాలో "నవారు ఉంగరం, ఎర్ర కుట్లు పద్నాలుగు" అని రాయించాను.

"కుట్లు కూడా లెక్కబెట్టినావా?" అన్నాడతను.

జాబితా కింద సంతకం పెట్టాను.

శ్రీనివాసపురం అవతల ఒక తోటలో ముప్ఫయి ఆరు ముసలి చెట్లకు నా కొడుకు మాట ఇచ్చి ఉన్నాడు. తొమ్మిది అయ్యాయి. ఇరవై ఏడు మిగిలాయి. మూడో రోజు ఎవరిదో పాత మిషను అద్దెకు తెచ్చుకున్నాడు. బెల్టు అద్దెకు దొరకదు. ఆవును కట్టే పగ్గం నడుముకు చుట్టుకొని ఎక్కుతానన్నాడు.

"ఆ తోటాయన్ని ఇంగ కొన్నాళ్లు ఆగమని చెప్పు," అన్నాను.

"ఆయన ఆగుతాడమ్మా. పూత ఆగతాదా?"

"బెల్టు వచ్చేదాకా కిందుండే కొమ్మలు కొట్టు."

"కింది కొమ్మలు కొట్టేదానికి నేనెందుకు? నిన్నే పిలిచేవాళ్లు," అన్నాడు. నవ్వలేదు.

ఆ రోజు నుంచి ఒక కట్టడి పెట్టాను. సాయంత్రం పని ముగించి నేల మీద కాలు పెట్టగానే ఫోను చేయాలి. ఇంకేమీ మాట్లాడక్కర్లేదు. "దిగినా" అంటే చాలు. నేను గడియారం చూసి పుస్తకంలో రాసేదాన్ని. అయిదూ ఇరవై, దిగాడు. అయిదూ నలభై, దిగాడు. ఒకరోజు ఆరూ పది అయింది. ఆ మధ్యలో నేను చింతపండు గింజలు తీస్తూ కూర్చున్నాను. రెండు కిలోల చింతపండు అయిపోయింది. చేతులు పని చేశాయి. లోపల ఏమీ అనిపించలేదు. భయం వేయలేదని కాదు, అది వేరే గదిలో ఉన్నట్టు ఉండేది.

పగ్గంతో ఎక్కడం మొదలైన పదకొండో రోజు, శుక్రవారం, నేనే ఆ తోటకు బయలుదేరాను. వాడు పగ్గం ఎలా కట్టుకుంటున్నాడో చూడాలని. కోలారులో బస్సు మారాను. కిటికీ పక్కన కూర్చున్నాను. శ్రీనివాసపురం ఇంకా ఆరేడు కిలోమీటర్లు ఉందనగా రోడ్డు పక్క తోటలో ఒక మనిషి మామిడి చెట్టు మీద ఉన్నాడు. నీలం బెల్టు. ఎడమ పక్కన తెల్లగా ఏదో ఉంది. నేను లేచి కండక్టరుకు చెప్పి దిగాను. వెనక్కి నడిచి వచ్చేసరికి మూడూ ఇరవై అయింది.

చెట్టు కింద ఒక మేస్త్రీ బీడీ తాగుతున్నాడు. నేను పైకి చూశాను. ఆ మనిషి నేల నుంచి ముప్ఫయి అడుగుల మీద ఉన్నాడు. మాను చుట్టూ వేసుకున్న తాడుకు రెండు చివర్లా కొక్కేలు ఉంటాయి. ఒక కొక్కెం కుడి రింగుకు వేశాడు. రెండోది ఇనుప రింగుకు వేయలేదు. ముందుకు కనిపిస్తున్న నా నవారు ఉంగరానికి వేశాడు. దాని మీద వెనక్కి వాలి రంపం ఆడిస్తున్నాడు.

కుట్లు కింది నుంచి కనిపించలేదు. నాకు కనిపించనక్కర్లేదు.

నేను అరవలేదు. అరిస్తే అతను కిందికి తిరుగుతాడు. మేస్త్రీతో చెప్పాను. "మిషను ఆపమను అప్పా. కొమ్మ పట్టుకోమను."

"ఎవరవ్వా నువ్వు? పో, మీద పడతాయి కొమ్మలు."

"ముందు ఆపమను. తర్వాత చెప్తా ఎవరని."

నా మొహంలో ఏం చూశాడో తెలియదు. ఈల వేశాడు. మిషను ఆగింది. అప్పుడు నేను పైకి చెప్పాను. "అప్పా, రెండు చేతులా కొమ్మ పట్టుకో. బరువంతా కొమ్మ మీద పెట్టు. పెట్టినావా? ఇప్పుడు ఎడం పక్క కొక్కెం తీసి, ఆ తెల్లదాని వెనక ఇనుప రింగు ఉండాది చూడు, దానికి వెయ్యి."

అతను తడిమాడు. వేశాడు. టక్కున శబ్దం కింది దాకా వినిపించింది.

"నువ్వెప్పుడు చెట్టెక్కినావు అవ్వా?" అన్నాడు పైనుంచి నవ్వుతూ.

"ఎక్కలేదప్పా. అది కుట్టింది నేను."

అతను నవ్వడం ఆపి కిందికి దిగాడు. జుట్టు చెవుల దగ్గర నెరిసింది. నా కొడుకు వయసే ఉంటుంది. మేస్త్రీ నాతో అరగంట వాదించాడు. గుజిరీ అంగడిలో పాత ఇనుముతో పాటు కొన్నానన్నాడు. ఆ బెల్టు ఒక్కటే అన్నాడు, మిషన్లూ తాళ్లూ తనకు తెలియవన్నాడు.

"ప్రపంచంలో నీలం బెల్టు నీదొకటేనా?"

"కుట్లు లెక్కబెట్టు. ఎర్రదారం. పద్నాలుగు ఉంటాయి."

మేస్త్రీ వేలుతో లెక్కబెట్టాడు. పదమూడు అన్నాడు. నేను చూశాను. చివరి కుట్టు తెగి దారం వేలాడుతోంది. తెగినదాన్ని చూపించాను. మేస్త్రీ బీడీ పారేశాడు.

"తీసుకొని పో. స్టేషనుకు మాత్రం పోవద్దు. నేనూ కూలోణ్ణే."

బెల్టు ఇంకా ఆ మనిషి ఒంటి మీదే ఉంది. అతను నన్ను చూసి అన్నాడు. "అవ్వా, ఇంగ రెండు కొమ్మలే ఉండాయి. అవి అయ్యేదాకా ఉండనీ. విప్పి నీ చేతికే ఇస్తా."

ఎంతసేపని అడిగాను. గంట అన్నాడు. ఆ దారిలో కోలారు బస్సు నాలుగూ పదికి. దాని తర్వాతిది ఆరున్నరకు. మేస్త్రీ మాట నేను నమ్మలేదు. గంటలో అతను ఎవరికి ఫోను చేస్తాడో తెలియదు. ఇవన్నీ లెక్క వేసుకున్నాను. అయినా ఆ మనిషితో చెప్పింది వేరే.

"నా కొడుకు నడుముకు పగ్గం కట్టుకొని ఎక్కుతా ఉండాడప్పా. పదకొండు దినాలాయ."

అతను పట్టీలు ఒక్కొక్కటే విప్పాడు. బెల్టును రెండు మడతలు వేసి ఇచ్చాడు. చెమటతో తడిగా, వెచ్చగా ఉంది. సంచిలో పెట్టుకున్నాను. మేస్త్రీ పక్కన పడి ఉన్న తాడు అందించాడు. అతను దాన్ని నడుముకు రెండు చుట్లు చుట్టి, ఒక ముడి వేశాడు. రెండు ముడులు వేయాలి. నేను చూస్తూనే ఉన్నాను. చెప్పాలనుకున్నాను. అంతలో రోడ్డు మలుపులో బస్సు హారన్ వినిపించింది. చెయ్యి ఎత్తుతూ రోడ్డు మీదికి నడిచాను. ఎక్కి కూర్చొని కిటికీలోంచి చూస్తే అతను మొదటి పంగ దాకా ఎక్కి ఉన్నాడు.

కొడుకును చూడాలని బయలుదేరినదాన్ని చూడకుండానే వెనక్కి వచ్చాను. అయిదూ ముప్ఫయి అయిదుకు, కోలారులో బస్సు మారాక, ఫోను వచ్చింది.

"దిగినా."

"సరే," అన్నాను. పుస్తకం తీసి రాశాను. బస్సు కుదుపులకు అంకెలు వంకరపోయాయి.

ఇంటికి వచ్చి బ్లేడుతో నవారు ఉంగరం విప్పేశాను. పదమూడు కుట్లూ, తెగిన పద్నాలుగోదీ. ఆ ముక్కను బిళ్లల డబ్బాలో వేశాను. గోడ మీద పది బిళ్లలు తీసేశాను, ఒకటి ఉంచాను. రాత్రి భోజనం దగ్గర బెల్టు చూసి నా కొడుకు యాడ దొరికిందని అడిగాడు. గుజిరీలో అన్నాను. మిగతావి లేవా అన్నాడు. లేవన్నాను. బెల్టును కాలి కింద పెట్టి లాగి చూశాడు, ప్రతి పట్టీ వెలుతురులో తిప్పి చూశాడు. బాగుందన్నాడు. మర్నాడు కట్టుకొని వెళ్లాడు. ఇరవై ఏడు చెట్లూ పూత కాలానికి ముందే ముగిశాయి. రోజూ ఫోను వచ్చింది. రోజూ రాశాను.

ఆ శుక్రవారం పేజీలో నా కొడుకు టైము కింద ఇంకొక గీత గీసి ఉంది. నాలుగూ పది, ఎక్కాడు అని రాశాను. దాని పక్కన ఖాళీ. అతని పేరు అడగలేదు, ఊరు అడగలేదు. మా ఆయన అయితే ఆ మేకు కింద కూర్చునేవాడు.

తర్వాతి సోమవారం అదే బస్సులో వెళ్లాను. కిటికీలోంచి చూస్తే ఆ తోటలో కొమ్మలు కుప్ప వేసి ఉన్నాయి. ఆ చెట్టుకు రెండు కొమ్మలూ నరికేసి ఉన్నాయి, కోసినచోట ఇంకా తెల్లగానే ఉంది. ఎవరు నరికారో కోత చూసి చెప్పలేము. రోడ్డు పక్క ఇంటి ముందు ఒక ఆడమనిషి గిన్నెలు తోముతోంది. అడిగితే చెప్పేది. ఎవరో ఎక్కడానికి బస్సు అక్కడే ఆగింది. నేను సంచి ఒళ్లో పెట్టుకొని కూర్చునే ఉన్నాను.