ఎస్తేరు చేసిన తెల్లని వెలుగు

చిటికెడు పొడి. ఇన్నేళ్లుగా దాని బరువు గుండెల మీద మోస్తున్నాను. చెప్పుకోవడానికి మనిషి లేక మీకు చెబుతున్నాను.

ఎస్తేరూ నేనూ విజయవాడలో ఒకే ల్యాబ్‌లో పరిశోధన చేశాం. నేను సీనియర్‌ని. కంటికి కనిపించని లేజర్ కిరణం తగిలితే తెల్లని కాంతినిచ్చే సేంద్రియ పదార్థం కోసం ఇద్దరం వెతికేవాళ్లం. నాకు దొరకలేదు. ఆమెకు దొరికింది. గాలి తీసేసిన గాజు గొట్టంలో ఆమె పొడి బల్బు వేసినట్టు వెలిగింది. అందరికన్నా ముందు నన్నే పిలిచి చూపించింది. సంతోషించానా? లేదు, కుళ్లుకున్నాను.

నా పొడులెందుకు వెలగలేదో అప్పుడే అర్థమైంది. అణువులు అడ్డదిడ్డంగా ఉంటేనే తెలుపు. వరుసగా పేర్చుకుని స్ఫటికాలైతే ఆకుపచ్చ చుక్క తప్ప ఏమీ రాదు. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. బయటి నిపుణులు చూడటానికి వచ్చే ముందు రోజు ఆదివారం. ఎస్తేరు చర్చికి వెళ్లింది. నేను ఆమె పొడిని కరిగించి, మెల్లగా ఆరనిచ్చి, స్ఫటికాలు కట్టాక మెత్తగా నూరి అదే గొట్టంలో పెట్టాను. ఎవరైనా చూసినా తప్పుపట్టరు. ఇలా స్ఫటికాలు కట్టించి శుద్ధి చేయడమంటే మా రసాయనం వాళ్లకు మడి కట్టుకోవడమే.

మర్నాడు ఆకుపచ్చ చుక్క పడింది. వచ్చినవాళ్లు మర్యాదగా టీ తాగి వెళ్లిపోయారు. ఎస్తేరు మళ్లీ చేసింది, ఈసారి ఇంకా శ్రద్ధగా శుద్ధి చేసి. మళ్లీ ఆకుపచ్చే. చివరికి పరిశోధన మానేసింది. కొన్నాళ్లకు, స్ఫటికాలు కట్టనివ్వకుండా, తెల్లని వెలుగు నేను సాధించాను. గన్నవరం దగ్గర కాలేజీలో ఉద్యోగం దానివల్లే వచ్చింది. ఏటా పిల్లలకు చూపిస్తాను, చప్పట్లు కొడతారు. తర్వాత ఒక్కదాన్నే ఇంటికి పోతాను. ఎవరినైనా దగ్గరికి రానిస్తే నోరు జారుతానేమోనని భయం.

మొన్న గవర్నర్‌పేటలో ఒక చీరల కొట్టుకెళ్తే కౌంటర్ వెనక ఎస్తేరు. లేచి నాకు కుర్చీ వేసింది.

"బాగున్నారా అక్కా?"

"బాగున్నా. నువ్వెలా ఉన్నావు?"

"ఏదో ఇలా. ఇప్పటికీ ఒకటే అనుకుంటానక్కా, ఆ పొడి నేను సరిగ్గా శుద్ధి చెయ్యలేదేమోనని."

అప్పుడైనా చెప్పొచ్చు కదా? "అయ్యుండొచ్చు" అన్నాను. పైగా చీర కూడా కొన్నాను. ఎంత గడుసుదాన్నో చూడండి.

క్షమించమని అడగడం లేదు. అడగాల్సింది మిమ్మల్ని కాదు. ఆమె ఎదుట పెగలని మాట ఇక్కడ రాస్తుంటే మాత్రం కాస్త ఊపిరాడుతోంది. ఎస్తేరూ, నీ పొడిలో ఏ లోపమూ లేదు. దాన్ని శుద్ధి చేసింది నేను.